యూదుల పుస్తకమా, గ్రూప్స్ గైడా?

మా పిన్ని కొడుకు గోదావరిఖనిలో డిగ్రీ చదువుతున్నాడు. ప్రాజెక్టుకి "తెలుగు యూదులు" అని టాపిక్ తీసుకుని ఓ లైబ్రరీలో అడిగితే, కౌంటర్లో ఉన్నాయన నవ్వి, "గవన్నీ ఎందుకు బిడ్డా, గ్రూప్-2 గైడు ఇయ్యమంటవా?" అన్నాడట. వీడు ఇంటికొచ్చి యూట్యూబ్ తెరిచాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

విషయానికొస్తే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. 1980ల చివర్లో తాము ఇజ్రాయేలు తప్పిపోయిన తెగలవాళ్ళమని ప్రకటించుకున్నారు. నెట్‌లో వీళ్ళ గురించి ఎక్కువగా రెండే పాటలు. "ఆహా, తప్పిపోయిన తెగ దొరికింది!" ఒకటి, "అంతా ఇజ్రాయెల్ పోవడానికే" ఇంకోటి. రెండూ జవాబులే. ప్రశ్న ఏదండీ?

మా నాన్న చెప్పేవాడు: బాయిలో కార్మికులు పనికి దిగే ముందు సర్దారు కర్రతో పైకప్పు తట్టి చూస్తాడని. డొల్ల చప్పుడొస్తే ఎవర్నీ పోనివ్వడు. రీసెర్చి అన్నా అంతే.

అందుకే మా తమ్ముడికి చెప్పాను. "వాళ్ళు నిజం యూదులేనా?" అని మొదలెట్టకురా, అది తేల్చడానికి నువ్వెవరు, నేనెవర్ని? "వీళ్ళ గురించి ఎవరు, ఎప్పుడు, ఏ పేరుతో రాశారు?" అని అడుగు. డ్యూయీ లెక్కలో యూదుమతం 296. ఆ అలమరా దగ్గరే ఆగితే సగం కథే, కులాల అలమరా కూడా చూడాలి. థర్‌స్టన్ 1909 సంపుటాల్లో మాదిగల గురించి నాలుగోదాంట్లో ఉంది, కానీ అది తెల్లదొరల కాలపు రాత, తట్టి చూసి నమ్ము. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఈ సమాజం మీదే పుస్తకం వేశారు. జనాభా లెక్కల ముఖ్య పట్టికల్లో యూదుల్ని "ఇతర మతాలు"లో కలిపేస్తారు. కాబట్టి ఎక్కడ అంకె కనబడ్డా, లెక్కపెట్టిందెవరో అడుగు.

"బొగ్గు ఊరి పిల్లగాడికి యూదుల గోలెందుకు" అంటారా? తమని ఊరు పిలిచిన పేరు కాదని, తమ పేరు తామే పెట్టుకున్న మనుషుల కథ అది. మన ఊళ్ళకి పట్టదా?

గైడ్లు వద్దనట్లేదు. కానీ 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కట్టేది గైడ్ల కోసమేనా? పుస్తకం లేకపోతే "లేదు, ఫలానా చోట దొరుకుతుంది" అనాలి. నవ్వకూడదు.

వచ్చే ఆదివారం వాణ్ణి హైదరాబాద్ రమ్మన్నాను. యూట్యూబ్ కట్టేసి, నోట్‌బుక్ తెమ్మన్నాను. మరి మీరేమంటారు?