ఆ రోజుల గురించి మన ప్రైవేటు టీచర్లను అడగండి



2020 మార్చిలో లాక్‌డౌన్ అందరి మీదా ఒకేసారి పడింది. మనసులు మాత్రం చేసే పనిని బట్టి నలిగాయి. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవారికి పగలూ రాత్రీ తేడా లేకుండా పోయింది. ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తకు, చెత్త ఎత్తిన పారిశుద్ధ్య కార్మికుడికి రోగాన్ని ఇంటికి మోసుకొస్తామేమోనన్న భయం. వలస కూలీకి ఎలాగైనా ఊరు చేరాలన్న ఆరాటం. వాళ్ల తొలి శ్రామిక్ రైలు మే 1న మన తెలంగాణలోని లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. వీళ్ల గురించి కొంతైనా రాశారు, మాట్లాడుకున్నారు. ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లను ఆ తర్వాత పలకరించినవాళ్లు తక్కువ. వాళ్లలో ఒకడిగా ఈ విజ్ఞప్తి రాస్తున్నాను.

ఉద్యోగంలోంచి తీసేశామని మాలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఉన్నామనీ చెప్పలేదు. కొన్ని బడులు సగం జీతమిచ్చి ఆన్‌లైన్ క్లాసులు చెప్పించుకున్నాయి. ఆ సగమూ ఇవ్వని బడులున్నాయి. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. మొదటిసారి ఓర్చుకున్నవాళ్లు ఈ రెండోసారి కుంగిపోయారు. అప్పటికి దాచుకున్న డబ్బు అయిపోయింది, చేబదుళ్లు పుట్టడం ఆగిపోయింది.

పీజీలు, బి.ఇడి.లు చేసినవాళ్లు ఉపాధి హామీ పనికి వెళ్లారు. కూరగాయలు, అరటిపళ్లు అమ్మారు. టిఫిన్ బండ్లు పెట్టారు. ఆ పనుల్లో చిన్నతనమేమీ లేదు. సాయంత్రానికి నాలుగు రూపాయలు చేతికొచ్చినవాళ్లు, బడి రేపో మాపో పిలుస్తుందని ఇంట్లో కూర్చున్నవాళ్లకంటే నిబ్బరంగా ఉండటం నేను చూశాను. మనిషిని తినేసింది ఆ ఎదురుచూపే. దానికి తోడు అద్దె కోసం తలుపు తట్టే ఇంటి యజమాని, ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేని అప్పు, పిల్లల ముందు తెచ్చిపెట్టుకున్న నవ్వు.

2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించింది. వీళ్లూ ఉన్నారని ఒక జాబితాలో పేరెక్కడం కూడా తక్కువ ఊరట కాదు. గుర్తింపు లేని బడుల్లో చేసినవాళ్లకు ఆ రెండూ దక్కలేదు.

బడులు తెరిచి చాలాకాలమైంది. అప్పులు కొన్ని తీరాయి. కానీ సెలవులంటే గుండె గుభేలుమనేవాళ్లు, నెలాఖరు వస్తే నిద్రపట్టనివాళ్లు మా మధ్య ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి టీచరుంటే "అందరికీ వచ్చిన కష్టమే కదా" అనకండి. ఆ మాటతో చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోతుంది. ఆ రోజుల్లో ఇల్లెలా గడిచిందని అడగండి, చెప్పేదాకా వినండి. పాత విద్యార్థులారా, మీకు పాఠం చెప్పిన సారును, మేడమ్‌ను ఒకసారి వెళ్లి కలవండి. కొన్నిచోట్ల బండి పెట్టుకున్న మాస్టార్ల కోసం చందాలు పోగుచేసింది మీలాంటి పిల్లలే. తోటి టీచర్లారా, దిగులు మోయలేనంతగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడవచ్చు.

యాజమాన్యాలకు నా విన్నపం ఇది. ఫీజులు రాక మీరూ నలిగారని తెలుసు. అయినా రేపు మళ్లీ బడి మూతపడితే మా పరిస్థితి ఏమిటో కాగితం మీద ఉండాలి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వండి. ఇరవైమంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట పీఎఫ్ కట్టండి. వేసవి నెలల జీతం ఆపకండి. మా ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో ఉంటే ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా తిరిగి ఇచ్చేయండి.