మామగారి తుపాకి

మా మామగారు పోయిన పిదప వారి జంటగొట్టముల తుపాకిని 1959 నాఁటి ఆయుధముల చట్టము ననుసరించి పోలీసు స్టేషనులో నప్పగించి, మా వారి పేర లైసెన్సు వచ్చినపిమ్మట నింటికిఁ దెచ్చుకొంటిమి. వెల కట్టించవలెనని తలఁచి, బిందెలవలె మెఱయవలదా యని గొట్టములను చింతపండుతోఁ దోమితిమి. తుపాకుల వర్తకుఁడు చూచి తల పట్టుకొనెను.

అవి డమాస్కసు గొట్టములఁట! ఇనుపబద్దలను, ఉక్కుబద్దలను కలిపి మెలిపెట్టి, చుట్టి, కాల్చి యతికిన వానిపై పట్టుచీర యంచువంటి చారలుండును. విలువ యా చారలకే. మేము వానినే తోమివేసితిమి.

పైని చెక్కిన పేరు చూచి మురియరాదు. అది అమ్మినవాని పేరు కావచ్చును. గుండ్లు లేవని వర్తకునిచేతఁ జూపించి, గొట్టములను విడఁదీయించి, యడుగుభాగము చూడవలెను. 1813లో నేర్పడిన బర్మింగుహాము పరీక్షాలయపు ముద్రలు మా దానికచ్చటనే యున్నవి. 12 అను నంకెకు, ఆ గొట్టమునఁ బట్టు సీసపుగుండ్లు పండ్రెండు కలిసి పౌను తూగునని యర్థము. గొట్టములకును, ముందుకఱ్ఱకును, యంత్రమునకును ఒకే సంఖ్య యున్నచో వెల హెచ్చును.

పొగలేని మందునకుఁ బరీక్షించిన ముద్ర మాత్రము లేదు, కావున పేల్చరాదనిరి. వెల విని అత్తగారు, “ఆయన చేతిది, అమ్మవద్దు” అనిరి. ఇప్పుడది తాళమువేసిన బీరువాలో నున్నది. తాళపుచెవి మాకీయరు.