రెండో పీట

పెద్ద పదవికి పిలుపొస్తే వద్దన్నవాణ్ణి చూసి మనవాళ్లు రెండే మాటలంటారు: "పిరికి", కాకపోతే "పొగరు". మూడో మాట కూడా ఒకటున్నదని అమెరికా ఫుట్‌బాల్ సంగతులు వింటే తెలుస్తుంది. అది మన పిల్లలు కాలితో తన్నే బంతాట కాదు సుమా! కోలబంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట.

డెట్రాయిట్ జట్టులో బెన్ జాన్సన్ అని ఒక ఉపశిక్షకుడుండేవాడు. ఎత్తుగడలు వేయడంలో దిట్ట. 2024లో అతన్ని ప్రధాన శిక్షకుడి పదవికి ఇంటర్వ్యూ చేద్దామని వాషింగ్టన్ జట్టు పెద్దలు విమానమెక్కి వస్తూండగానే, తాను డెట్రాయిట్‌లోనే ఉంటానని కబురు పెట్టాడు. అంతకు ముందు ఏడాది కారొలైనా జట్టు పిలిచినప్పుడూ అలాగే తప్పుకున్నాడు. ఆ కారొలైనా పీట మీద కూర్చున్న ఫ్రాంక్ రైక్‌ను పదకొండు ఆటలు కాగానే, 2023 నవంబరులో, లేవమన్నారు!

ఉపశిక్షకుడికి తన పని తనది. ప్రధాన శిక్షకుడికో, అందరి తప్పూ తనదే. జట్టు ఓడితే యజమాని ఆటగాళ్లందరినీ మార్చలేడు గనక శిక్షకుణ్ణి మారుస్తాడు. అతను వెంట తెచ్చుకున్న సహాయకులు కూడా చాలాసార్లు పెళ్లాం పిల్లలతో పెట్టే బేడా సర్దుకోవలసిందే. మొదటి అవకాశం చెడితే రెండోది వస్తుందన్న భరోసా లేదు. అందుచేత తెలివైనవాడు జీతం కన్న ముందు మూడు సంగతులు ఆరా తీస్తాడు. యజమానికి ఓర్పెంత? ఆటగాళ్లలో సత్తా ఎంత? తన మాట ఎంతవరకు చెల్లుతుంది?

ఈ వివేకం మనకూ కొత్త కాదు. 1932లో పోర్‌బందరు మహారాజా మన క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లారు. భారతదేశపు మొట్టమొదటి టెస్టునాడు మాత్రం తాను తప్పుకుని, నాగపూరు తెలుగువాడైన సి.కె. నాయుడికి పగ్గాలప్పగించారు. 1936లో మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ తప్పుకోలేదు. అమరనాథ్ వంటి ఆటగాణ్ణి మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం. మూడింటిలోనూ కలిపి నాయకుడి పరుగులు 33.

అదే 1936లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ప్రిన్సిపాలు పదవి ద్వారం వెంకటస్వామినాయుడుగారికి వచ్చింది. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలుగా ఉండగా ఫిడేలు ఆచార్యులుగా చేరిన మనిషి. పదిహేడేళ్లు రెండో పీటే. అయితేనేం, పక్కవాద్యమనుకునే ఫిడేలును ఒంటిగా కచేరీ చేయగల వాద్యంగా నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యులు. రెండో పీట మీద కూర్చున్నవాడు రెండో రకం మనిషి కానక్కరలేదు.

అలాగని కలకాలం వద్దంటూ కూర్చుంటే పిలిచేవాళ్లుండరు. జాన్సన్ కూడా 2025 జనవరిలో షికాగో జట్టు పిలిస్తే వెళ్లాడు. కనుక మన ఆఫీసుల్లో, కాలేజీల్లో పై పదవి వద్దన్నవాణ్ణి చూసి నవ్వేముందు కాస్త ఆగుదాం. ఆ పీటకు నాలుగు కాళ్లూ ఉన్నాయో లేవో అతను వంగి చూశాడేమో!