మూడింటి నీడలో రెండు ఆల్బమ్‌లు

ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతం నుంచి వచ్చిన హిప్‌హాప్ బృందం. క్యూ-టిప్, ఫైఫ్ డాగ్ ర్యాపర్లు, అలీ షహీద్ మొహమ్మద్ డీజే. నాలుగోవాడైన జరోబీ వైట్ తొలి ఆల్బమ్ తర్వాత వంట నేర్చుకుంటానని పక్కకు తప్పుకున్నాడు. 1990లో ‘పీపుల్స్ ఇన్‌స్టింక్టివ్ ట్రావెల్స్ అండ్ ద పాత్స్ ఆఫ్ రిథమ్’, 1991లో ‘ద లో ఎండ్ థియరీ’, 1993లో ‘మిడ్‌నైట్ మరాడర్స్’ వెలువడ్డాయి. ఈ మూడింటితోనే బృందం పేరు స్థిరపడిపోయింది. 1996లో వచ్చిన ‘బీట్స్, రైమ్స్ అండ్ లైఫ్’నూ, 1998లో వచ్చిన ‘ద లవ్ మూవ్‌మెంట్’నూ దిగజారుడు ఖాతాలో వేసేయడం విమర్శకులకూ అభిమానులకూ ఏళ్లతరబడి అలవాటు. ఆ తీర్పులో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే మిగతా సగాన్ని ఇన్నాళ్లూ వినబడనివ్వలేదు.

తొలి మూడింటి బలం ఎక్కడుందో చూస్తే తర్వాతి రెండింటి మీది ఫిర్యాదు ఏమిటో తెలుస్తుంది. పాత జాజ్ రికార్డుల్లోంచి చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, వాటి మీద బరువైన డ్రమ్స్ కూర్చి, కింద బేస్‌ను లోతుగా నిలబెట్టడం వీళ్ల పద్ధతి. ‘ద లో ఎండ్ థియరీ’లోని ఒక పాటకు, మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన రాన్ కార్టర్ స్వయంగా డబుల్ బేస్ వాయించాడు. అప్పట్లో హిప్‌హాప్ నిర్మాతల చేతిలో ఎక్కువగా కనిపించిన శాంపిలర్ ఈ-ము సంస్థవారి ఎస్‌పీ-1200. అందులో మొత్తం మీద పట్టేది పది సెకన్ల శబ్దమే. ఆ పది సెకన్లలోనే పాటంతా సర్దాలి. ఆనాటి పాటల పొదుపుకు యంత్రం పెట్టిన ఈ ఇరుకు కూడా ఒక కారణం.

అయితే జనం మనసుకు పట్టింది ఇద్దరి మాటల జోడీ. క్యూ-టిప్‌ది కాస్త ముక్కుతో పలికే మెత్తని గొంతు. ఆలోచిస్తూ, దారి మళ్లుతూ సాగుతుంది. ఫైఫ్‌ది కరుకు గొంతు. ఆట కబుర్లు, ఎకసెక్కాలు, తన పొట్టితనం మీద తానే వేసుకునే జోకులు, ట్రినిడాడ్ మూలాలున్న ఇంట్లో పెరిగినందువల్ల అప్పుడప్పుడు తొంగిచూసే కరీబియన్ యాస. ‘చెక్ ద రైమ్’ పాటలో ఒకరు పిలుస్తారు, ఇంకొకరు పలుకుతారు. క్వీన్స్‌లోని లిండెన్ బులవార్డ్ అరుగుల మీద కూర్చున్న ఇద్దరు చిన్ననాటి స్నేహితులు మన చెవిన పడేలా మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. తొలి మూడు ఆల్బమ్‌లను ప్రేమించినవాళ్లు నిజానికి ప్రేమించింది ఈ సంభాషణను.

1993కూ 1996కూ మధ్య ఆ సంభాషణకు ఆధారమైన ఇరుగుపొరుగుతనం చెదిరిపోయింది. ఫైఫ్ అట్లాంటాకు మకాం మార్చాడు. రికార్డింగ్ ఉన్నప్పుడల్లా న్యూయార్క్‌కు విమానంలో రావలసి వచ్చేది. క్యూ-టిప్ ఇస్లాం స్వీకరించాడు. అలీ షహీద్ మొదటినుంచీ ముస్లిమే. దాంతో స్టూడియోలోని వాతావరణం మారింది. ఫైఫ్‌కు తాను బయటివాడినన్న భావం కలిగింది. పైగా క్యూ-టిప్ బంధువు కాన్సీక్వెన్స్ అనే కుర్ర ర్యాపర్ నాలుగో ఆల్బమ్‌లోని పలు పాటల్లో చేరాడు. ఇద్దరి మధ్య సాగే మాటల్లోకి మూడో మనిషి వచ్చి కూర్చున్నాడు. కాన్సీక్వెన్స్ చేతకానివాడేమీ కాదు, వరస బాగా పట్టగలడు. కానీ ఫైఫ్ రావలసిన చోట అతను వచ్చేసరికి పాత శ్రోతకు ఆ చోటు ఖాళీగానే అనిపించింది. దిగజారుడు తీర్పులోని సగం నిజం ఇదే, దీన్ని కొట్టిపారేయలేం.

బయటి కాలం కూడా వీళ్లకు అనుకూలంగా లేదు. 1996 జులై 30న ‘బీట్స్, రైమ్స్ అండ్ లైఫ్’ విడుదలయ్యేనాటికి అమెరికా తూర్పు, పశ్చిమ తీరాల ర్యాపర్ల మధ్య వైరం ముదిరింది. ఆరు వారాలు తిరగకముందే టూపాక్ షకూర్ కాల్పుల్లో గాయపడి సెప్టెంబర్ 13న చనిపోయాడు. మరుసటి మార్చిలో నటోరియస్ బీఐజీ హత్య జరిగింది. ‘కీపింగ్ ఇట్ మూవింగ్’లో తనకు పశ్చిమ తీరంతో పేచీ లేదని క్యూ-టిప్ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆల్బమ్‌ను తెరిచే ‘ఫోనీ రాపర్స్’లోనే చిరాకు కనిపిస్తుంది. దారిలో ఎదురుపడి పోటీకి పిలిచే అనామక ర్యాపర్లకు ఇద్దరూ కలిసి జవాబు చెబుతారు. మూడేళ్ల కిందట ఇదే సన్నివేశం నవ్వులాటగా ముగిసేది. ఇక్కడ ముఖం గంటుపెట్టుకున్నట్టు ఉంటుంది. అభిమానులు ఈ గంభీరతను అలసట అనుకున్నారు. 1996లో న్యూయార్క్‌లో ర్యాప్ చేస్తున్న మనిషి మొహంలో చిరాకు కనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఈ ఆల్బమ్ అమ్మకాల్లో బోల్తా పడిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బోల్తా పడలేదు సరికదా, బిల్‌బోర్డ్ 200 జాబితాలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. అంతకుముందు మూడింటిలో ఒక్కటీ ఆ స్థానం అందుకోలేదు. తర్వాత ప్లాటినం గుర్తింపు వచ్చింది. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ విభాగంలో గ్రామీ నామినేషన్ కూడా దక్కింది. బహుమతి మాత్రం ఫ్యూజీస్ వారి ‘ద స్కోర్’ పట్టుకుపోయింది. కాబట్టి ఈ చిన్నచూపు అంగడి నుంచి వచ్చింది కాదు, మనసులో పాత మూడు ఆల్బమ్‌లు పెట్టుకుని విన్నవాళ్ల నుంచి వచ్చింది.

వాళ్ల చెవిన పడనిది ఈ ఆల్బమ్‌లోని లయ. దాన్ని తయారుచేసినవారి పేరుగా అట్ట మీద ‘ది ఉమ్మా’ అని ఉంటుంది. క్యూ-టిప్, అలీ షహీద్, డెట్రాయిట్ కుర్రాడు జే డీ కలిసి పెట్టుకున్న ఉమ్మడి పేరు అది. జే డీ అసలు పేరు జేమ్స్ యాన్సీ, తర్వాత జె డిల్లాగా ప్రసిద్ధుడయ్యాడు. 1994లో లొల్లపలూజా పర్యటనలో ట్రైబ్ డెట్రాయిట్ వచ్చినప్పుడు, ఆంప్ ఫిడ్లర్ అనే సంగీతకారుడు అతణ్ని క్యూ-టిప్‌కు పరిచయం చేశాడు. అప్పటికి జే డీకి ఇరవయ్యేళ్లు. వింటే చాలు ప్రతిభ తెలిసిపోయే రకం. ఉమ్మడి పేరు పెట్టుకోవడంలో సోదరభావం ఉంది గానీ, ఎవరి పని ఏదో పైకి తెలియకుండా పోయింది. ‘గెట్ ఎ హోల్డ్’, ‘వన్స్ అగైన్’, ‘వర్డ్ ప్లే’, ‘స్ట్రెస్డ్ అవుట్’ వంటి వాటిలో జే డీ చేయి ఉందన్న సంగతి మామూలు శ్రోతకు చాలాకాలం తెలియనే లేదు. పాత ట్రైబ్ పద్ధతిని చెడగొట్టాడన్న అపవాదు మాత్రం అతని మీద త్వరగానే పడింది.

జే డీ పనితనం అర్థం కావాలంటే అకాయి ఎంపీసీ యంత్రం సంగతి కొంత తెలియాలి. దాని మీద నాలుగు వరసల్లో పదహారు రబ్బరు మెత్తలు ఉంటాయి. వాటిని వేళ్లతో తడితే డ్రమ్స్ శబ్దాలు నమోదవుతాయి. తట్టిన దెబ్బ కొంచెం ముందువెనకలైతే దాన్ని సరైన మాత్ర మీదికి జరిపే సదుపాయం యంత్రంలోనే ఉంది. అందరూ దాన్ని వాడుకునేవారు. జే డీ ఆ సర్దుబాటును తనకు కావలసినచోట ఆపేసేవాడు, లేదా దెబ్బను తానే కావాలని జరిపేవాడు. కిక్ కాస్త తడబడినట్టు, స్నేర్ తొందరపడినట్టు, హై-హ్యాట్ మాత్రం నిబ్బరంగా ఉన్నట్టు వినిపిస్తుంది. మూడూ మూడు రకాల నడకలు నడుస్తూ ఒకే పాటగా నిలుస్తాయి. ట్రైబ్ ఆల్బమ్‌లలో ఈ ప్రయోగం పూర్తిగా విచ్చుకోలేదు, మొగ్గ దశలో ఉంది. తన సొంత బృందం స్లమ్ విలేజ్ పాటల్లోనే దాన్ని చివరికంటా తీసుకెళ్లాడు.

‘గెట్ ఎ హోల్డ్’ను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తేడా తెలుస్తుంది. 1960ల నాటి సర్కిల్ అనే పాప్ బృందం పాటలోంచి తీసిన గొంతు ముక్క ఒకటి పైన తేలుతూ ఉంటుంది. మాటలు విడిగా వినబడవు, ఊపిరి లాంటి ధ్వని మాత్రమే మిగులుతుంది. కింద బేస్, దాని పైఅంచులన్నీ ఫిల్టర్‌తో కోసేయడం వల్ల, చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది. డ్రమ్స్ పొడిగా, దగ్గరగా ఉంటాయి. పాత ట్రైబ్ పాటల్లో ఉండే ట్రంపెట్ తళుకు, సాక్సోఫోన్ పలకరింపు ఇక్కడ లేవు. అలంకారం తగ్గించి గాలికి చోటిచ్చిన పాట ఇది. 1996లో దీన్ని పేలవం అన్నారు. తర్వాతి పదేళ్లలో ఎందరో నిర్మాతలు ఈ పేలవత్వాన్నే సాధన చేశారు.

‘వన్స్ అగైన్’ మరో దారి పట్టింది. ‘చెక్ ద రైమ్’ నాటి పిలుపు-పలుకు పద్ధతిని తెలిసి తెలిసి మళ్లీ తెచ్చి, దాన్ని కొత్త లయ మీద కూర్చోబెట్టారు. పల్లవి టామీ లూకాస్ పాడింది. పాత స్నేహం ఇంకా చెక్కుచెదరలేదని చాటే ప్రయత్నం అది. ఆ ప్రయత్నం కొంచెం బయటికి కనిపిస్తుంది కూడా. ‘బేబీ ఫైఫ్స్ రిటర్న్’లో ఫైఫ్ ఒక్కడే మైకు పట్టుకున్నప్పుడు మాత్రం ఏ ప్రయత్నమూ కనిపించదు, పాత హుషారు దానంతటదే వచ్చేస్తుంది. మధ్యలో రెండు మూడు పాటలు ఉన్నా లేకపోయినా ఒకటే. మొత్తం మీద ఎత్తుపల్లాలున్న మంచి ఆల్బమ్. ‘మిడ్‌నైట్ మరాడర్స్’ అంత నిండుదనం దీనికి లేదు. అయినా పక్కన పెట్టదగినదీ కాదు.

‘ద లవ్ మూవ్‌మెంట్’ కథ ఇంకొంత చిక్కు. 1998 మొదట్లో క్యూ-టిప్ ఇంట్లో అగ్నిప్రమాదం జరిగి స్టూడియో, ఏళ్లుగా కూడబెట్టిన రికార్డులు కాలిపోయాయి. విడుదలకు ముందే బృందం విడిపోతున్నట్టు ప్రకటన వెలువడింది. దాంతో ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా విన్నవాళ్లు తక్కువ, వీడ్కోలు సభకు వెళ్లినట్టు విన్నవాళ్లే ఎక్కువ. విడుదల తేదీ 1998 సెప్టెంబర్ 29 కూడా కలిసిరాలేదు. అదేరోజు జే-జీ ‘వాల్యూమ్ 2... హార్డ్ నాక్ లైఫ్’, ఔట్‌కాస్ట్ ‘అక్వెమినీ’, మోస్ డెఫ్-తాలిబ్ క్వేలీల ‘బ్లాక్ స్టార్’ అంగళ్లలోకి వచ్చాయి. ట్రైబ్ పెంచిన పిల్లలే ట్రైబ్ పక్కన నిలబడి పోటీపడ్డారన్నమాట. అయినా ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో మూడో స్థానం తెచ్చుకుంది.

ఇందులో ‘ఫైండ్ ఎ వే’ ఒక్కటే బృందం పాటలన్నింటిలో మొదటి వరసలో నిలిచేది. స్నేహానికీ ప్రేమకూ మధ్య తేల్చుకోలేని స్థితి దాని వస్తువు. టోవా టేయ్ రికార్డులోంచి తీసిన, బెబెల్ జిల్బెర్టో గొంతు ఉన్న బ్రెజిలియన్ ఛాయల ముక్క మీద సాగుతుంది. ఆల్బమ్ అంతటా ఇదే మెత్తదనం, ఇదే మట్టసమైన ధ్వని. ఒక్కో పాటను విడిగా వింటే హాయిగా ఉంటుంది. వరసగా వింటే సగం దాటేసరికి ఏ పాట ఎక్కడ ముగిసిందో గుర్తుండదు. ప్రేమను అన్నివైపుల నుంచీ చూడాలన్న సంకల్పం మంచిదే గానీ, వైవిధ్యం మాటల్లో వచ్చినంతగా సంగీతంలో రాలేదు. బస్టా రైమ్స్, రెడ్‌మ్యాన్ వచ్చిన ‘స్టెప్పిన్ ఇట్ అప్’ దగ్గర ఒకసారి గది వేడెక్కుతుంది, అంతే. చివర్న అనుబంధంగా పాత పాటలను చేర్చిన ముద్రణలు ఆల్బమ్‌కు మేలు కంటే కీడే చేశాయి. కొత్తవాటిని పాతవాటితో పోల్చవద్దని అడగాల్సిన చోట, పోలికను స్వయంగా పళ్లెంలో పెట్టి అందించాయి.

ఈ రెండు ఆల్బమ్‌ల లయ వాటి తర్వాత ఎక్కడికి పోయిందన్నది ముఖ్యం. క్యూ-టిప్ 1999లో తెచ్చిన తన తొలి సొంత ఆల్బమ్ ‘యాంప్లిఫైడ్’ నిర్మాణంలో జే డీది పెద్ద చేయి. 2000లో డిఏంజెలో ‘వూడూ’, కామన్ ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’, ఎరికా బాడు ‘మామాస్ గన్’ వచ్చాయి. ఈ మూడింటి వెనకున్న సంగీతకారుల బృందమంతా జే డీ తడబాటు నడకను తమ వేళ్లకు, కర్రలకు నేర్పుకున్నవాళ్లే. యంత్రం మీద పుట్టిన తప్పటడుగును మనుషులైన డ్రమ్మర్లు కూర్చుని అభ్యాసం చేయడం సంగీతంలో అరుదైన సంగతి. రాబర్ట్ గ్లాస్పర్ వంటి జాజ్ పియానిస్టులు కూడా ఆ పాఠం చదువుకున్నారు. డిల్లా 2006 ఫిబ్రవరిలో 32 ఏళ్లకే కన్నుమూశాడు. అతని ఎంపీసీ-3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఉంది. ట్రైబ్ చివరి రోజుల ఆల్బమ్‌లను తోసిపుచ్చినవారిలో చాలామంది ‘వూడూ’ను నెత్తిన పెట్టుకున్నారు. రెండింటి వేరూ ఒకటేనన్న సంగతి వాళ్లకు తట్టలేదు.

క్యూ-టిప్, ఫైఫ్‌ల మధ్య మనస్పర్థ పదేళ్లకు పైగా నడిచింది. 2011లో మైకేల్ రాపపోర్ట్ బృందం మీద తీసిన డాక్యుమెంటరీ ఆ గొడవలను దాచలేదు. దానికి పెట్టిన పేరు నాలుగో ఆల్బమ్ పేరే. 2015 నవంబర్ 13న టీవీలో జిమ్మీ ఫాలన్ కార్యక్రమం కోసం మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. ఆ తర్వాత న్యూజెర్సీలోని క్యూ-టిప్ ఇంటి స్టూడియోలో కొత్త ఆల్బమ్ పని మొదలైంది. ఫైఫ్ చాలాకాలంగా మధుమేహంతో బాధపడుతున్నాడు, మూత్రపిండ మార్పిడి కూడా జరిగింది. 2016 మార్చి 22న 45 ఏళ్ల వయసులో చనిపోయాడు. అప్పటికే రికార్డు చేసిన అతని గొంతుతో నవంబర్ 11న, అమెరికా అధ్యక్ష ఎన్నికలైన మూడో రోజున, ‘వి గాట్ ఇట్ ఫ్రమ్ హియర్... థాంక్ యూ 4 యువర్ సర్వీస్’ విడుదలైంది. అదీ బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానమే. అంతకుముందు ఇరవయ్యేళ్ల కిందట ఆ స్థానం తెచ్చినది, అందరూ తీసిపారేసిన నాలుగో ఆల్బమ్.

ఆరో ఆల్బమ్‌ను ఆకాశానికెత్తిన సమీక్షకులు దాన్ని తొలి మూడింటి సరసన చేర్చారు, మధ్యలోని రెండింటినీ దాటేశారు. వింటే అలా దాటడం కుదరదు. అందులోని కోసుకుపోయే పొడి డ్రమ్స్, గరుకు బేస్, అంచులు అరగదీసిన శాంపిల్స్ 1991 నుంచి కాక 1996 నుంచి వచ్చినవి. కాన్సీక్వెన్స్ కూడా మళ్లీ ఉన్నాడు, ఈసారి ఎవరి చోటూ ఆక్రమించినట్టు అనిపించడు. ఎందుకంటే ఫైఫ్ తన చోట తాను ఉన్నాడు. క్యూ-టిప్ వాక్యం మొదలుపెడితే ఫైఫ్ అందుకుంటాడు, ఇద్దరి మాటలూ ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి. నాలుగు, అయిదు ఆల్బమ్‌లకు లోపించింది సంగీతం కాదని, ఇద్దరూ ఒకే గదిలో కూర్చునే తీరిక అని, దీన్ని వాటి పక్కన పెట్టి వింటే తెలుస్తుంది.