పాజిటివ్‌లు సరే, పరీక్షలెన్ని?

1994 సెప్టెంబరులో ప్లేగు భయం సూరత్‌ను కమ్మేసినప్పుడు లక్షలాది మంది మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వెళ్లి లింబాయత్ వాడల్లో స్థిరపడిన తెలుగు కార్మికుల నగరం కూడా అదే. గల్ఫ్ దేశాలు కొన్ని విమానాలనే నిలిపివేశాయి. ఇంతటి కల్లోలం వెనుక ఉన్న అంకెలను మాత్రం నిదానంగా చదివినవారు తక్కువ.

ఆ ఏడాది ఆగస్టు 26 నుంచి అక్టోబరు 5 వరకు రక్తపరీక్షలో ప్లేగు ప్రతిరక్షకాలు కనిపించిన అనుమానితులు దేశం మొత్తం మీద 693 మంది. మహారాష్ట్రలో 488, ఢిల్లీలో 68, సూరత్ ఉన్న గుజరాత్‌లో 77. మరణాలు 56. మహారాష్ట్రలో తీవ్రత గుజరాత్ కన్నా ఆరు రెట్లని దీన్నిబట్టి తేల్చవచ్చునా? వీలులేదు. ఎంతమందిని పరీక్షిస్తే 488 వచ్చింది, ఎంతమందిని పరీక్షిస్తే 77 వచ్చిందన్నది పక్కన లేనిదే నిష్పత్తే ఏర్పడదు. లవం ఒక్కటే చూపి హారం వదిలేస్తే బడిపిల్లవాడు కూడా దాన్ని భిన్నమనడు.

హారం దొరికినా పని పూర్తికాదు. రెండు పేటల్లో తలా 100 మందికి పరీక్ష జరిపితే ఒకచోట 12 మందికి, రెండోచోట ఆరుగురికి వ్యాధి జాడ కనిపించిందనుకుందాం. చూపుకు రెట్టింపే. కానీ రెండు పేటల్లోనూ వ్యాధి సమానంగానే ఉన్నా నమూనాల ఎంపికలోని యాదృచ్ఛికత వల్ల కొంత తేడా రాక తప్పదు. రెండింటినీ కలిపితే సగటు 9 శాతం. ఆ లెక్కన తేడాకు ప్రామాణిక దోషం సుమారు 4 శాతం. వచ్చిన 6 శాతం తేడా దానికి ఒకటిన్నర రెట్లే. కనీసం 1.96 రెట్లుంటే తప్ప గణాంకశాస్త్రం దాన్ని సార్థకమైన తేడాగా సాధారణంగా అంగీకరించదు. అవే శాతాలు వెయ్యేసి మందిలో వచ్చి ఉంటే 4.7 రెట్లయ్యేది, అప్పుడు సందేహానికి తావుండదు.

అయితే ఈ సూత్రం ఒకేరకమైన నమూనాలకే చెల్లుతుంది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో బయటపడింది గడ్డల ప్లేగు, సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు. ఒకచోట ఊరంతటికీ, మరోచోట ఆసుపత్రికి వచ్చినవారికే పరీక్ష జరిపి రెండింటినీ పోల్చబూనితే, ఎంత పెద్ద నమూనా అయినా ఆ లోపాన్ని పూడ్చలేదు.

2020లో కరోనా వచ్చేసరికి పరీక్షల సంఖ్యను రోజూ ప్రకటించడం అలవాటైంది. అది మంచి మార్పే. కానీ యాంటిజెన్, ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలను కలగలిపిన శాతాలతో రాష్ట్రాలను పోల్చిచూసి, ఏది మెరుగో తేల్చిన సందర్భాలకు అప్పుడూ కొదవ లేదు.