ఇంజను మారిస్తే చాలునా?

2017 సెప్టెంబరులో మెక్‌లారెన్ జట్టు హోండా ఇంజనును వదిలించుకుందన్న వార్త వచ్చిననాడు హాస్టలు కామన్ రూములో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. "పీడ విరగడయింది! వచ్చే ఏడాది కనీసం ఒక్క పందెమైనా గెలవకపోతే నన్నడగండి" అని అరడజను సమోసాలు పందెం కూడా కాశాను. ఓడిపోయాను. సమోసాలు పోతే పోయాయి గాని, మెకానికల్ ఇంజనీరింగు చదువుతూ కూడా అంత తప్పు లెక్క ఎలా వేశానా అన్న బాధ మాత్రం మిగిలింది. ఆ తప్పు ఒప్పుకుంటూ నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

ముందు కథ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఫార్ములా వన్ పందాలలో 2014లో ఇంజను నిబంధనలు మారాయి. 2.4 లీటర్ల వి-8 పోయి 1.6 లీటర్ల టర్బో వి-6 వచ్చింది. దానికి తోడు రెండు విద్యుత్ యంత్రాలు. ఒకటి బ్రేకు వేసినప్పుడు వృథాపోయే శక్తిని పట్టుకుంటుంది. రెండోది టర్బో షాఫ్టు మీద కూర్చుని, పొగగొట్టం గుండా పోయే వేడి వాయువుల నుంచి కరెంటు పిండుతుంది. పందెం మొత్తానికి ఇచ్చే ఇంధనం 100 కిలోలే. అంటే బలంతోపాటు పొదుపు కూడా నేర్చినవాడిదే గెలుపన్నమాట.

మెర్సిడెస్ వాళ్ళు టర్బోను రెండు ముక్కలు చేశారు. గాలిని నొక్కే కంప్రెసరును ఇంజను ముందు, వేడి వాయువులతో తిరిగే టర్బైనును వెనక పెట్టి, రెంటినీ పొడవాటి షాఫ్టుతో కలిపారు. ఆ ఏడాది 19 పందాలలో 16 వాళ్ళే గెలిచారు.

మరుసటి ఏడాది హోండా మెక్‌లారెన్‌తో చేతులు కలిపింది. 1988లో సెన్నా, ప్రోస్ట్ నడపగా 16 పందాలలో 15 గెలిచిన జోడీ ఇదే కదా! అందుకే ఆశలు ఆకాశాన్నంటాయి. గాలి ఒరుసుకుపోయేలా కారు వెనక భాగం బాగా సన్నగా ఉండాలని అనుకున్నారు. ఆ సన్ననికారు కోసం హోండా కంప్రెసరును ఇంజను 'వి' ఆకారం మధ్యలో ఇరికించింది. ఇరుకు చోటులో పట్టిన చిన్న టర్బో నుంచి చాలినంత కరెంటు రాలేదు. పొడవాటి దారిలో చివరిదాకా విద్యుత్తు సాయం అందక, వెనకబండివాళ్ళు సునాయాసంగా దాటిపోయేవారు. ఆ ఏడాది దక్కింది 27 పాయింట్లు, తొమ్మిదో స్థానం.

2017లో హోండా పాత నమూనా పక్కనబెట్టి, కంప్రెసరు ముందు, టర్బైను వెనక ఉండే కొత్త ఇంజను తయారుచేసింది. నిజానికి అది సరైన నిర్ణయం. కాని కొత్త ఇంజను కొత్త జబ్బులతో వచ్చింది. ట్రయల్సులోనే ఆయిలు ట్యాంకుతో ఇబ్బంది, ఆపైన విపరీతమైన వణుకు. మళ్ళీ తొమ్మిదో స్థానమే. మెక్‌లారెన్‌కు ఓపిక నశించింది. నేను చప్పట్లు కొట్టింది అప్పుడే!

2018లో మెక్‌లారెన్ రెనో ఇంజను బిగించుకుంది. అదే ఇంజనుతో రెడ్‌బుల్ నాలుగు పందాలు గెలిస్తే, మెక్‌లారెన్ ఒక్కసారి కూడా మొదటి ముగ్గురిలో నిలవలేదు. లోపం కారులోనూ ఉందని అప్పుడు గాని తేలలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మూడేళ్ళు తప్పంతా ఇంజను మీదికే నెట్టామన్నమాట.

మరి హోండా? టోరో రోసో అనే చిన్న జట్టుతో చేరి, చడీచప్పుడు లేకుండా ఆ 2017 నమూనానే చెక్కుకుంటూ పోయింది. టర్బైను పనికి తమ విమానాల విభాగం ఇంజనీర్ల సాయం తీసుకుంది. 2019లో రెడ్‌బుల్‌కు ఇంజనిచ్చి, ఆ జూన్ 30న ఆస్ట్రియాలో గెలిచింది. 2006 తరవాత హోండాకు అదే తొలి గెలుపు. 2021లో మరింత చిన్నగా, పొందికగా కొత్త ఇంజను చేస్తే, దానితో వెర్‌స్టాపెన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. గమనించారా? ఇంజను చిన్నదిగా ఉండాలన్న 2015 నాటి ఆలోచన తప్పు కాదు. దాన్ని సాధించే విద్య అప్పటికి చేతికి రాలేదు, అంతే.

ఇందులోంచి నాకు తెలిసింది ఒకటే. ఇంజను నమూనా మార్చితే ఖర్చు ఆ ఏడాదే కనిపిస్తుంది, ఫలం మూడు నాలుగేళ్ళకు గాని రాదు. మధ్యలో లేచిపోయినవాడు నాట్లు వేసి కోతలు ఇంకొకడికి వదిలేసినట్టే.

"అలాగని ఎన్నాళ్ళు భరిస్తారు? డ్రైవరు వయసు ఆగుతుందా, డబ్బు పెట్టేవాడు ఊరుకుంటాడా?" అని మా రూంమేట్ అడిగేవాడు. న్యాయమైన ప్రశ్నే. గుడ్డిగా కూర్చోమని నేనూ అనను. చూడవలసింది పాయింట్ల పట్టిక కాదు. ఈ నమూనాలో ఇంకా ఎదిగే చోటుందా? జబ్బేమిటో కనిపెట్టగలిగారా? కారు చేసేవాడూ ఇంజను చేసేవాడూ ఒకరి మాట ఒకరు వింటున్నారా? ఈ మూడింటికీ అవునని జవాబొస్తే ఓర్చుకోవాలి, లేకపోతే లేచిపోవాలి.

మెక్‌లారెన్ కూడా పాఠం నేర్చుకుంది. ముందు తన ఇల్లు చక్కబెట్టుకుంది, 2021లో మెర్సిడెస్ ఇంజను తెచ్చుకుంది. 2024లో, 1998 తరవాత మొదటిసారిగా, జట్ల ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ ఏడాది అదే ఇంజను వాడిన మెర్సిడెస్ సొంత జట్టు నాలుగో స్థానంలో ఉంది. ఇంజను ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

2026 నిబంధనలతో అందరూ మళ్ళీ కొత్త పలక పట్టారు. టర్బో షాఫ్టు మీది విద్యుత్ యంత్రం తీసేశారు, కారు నడిపే శక్తిలో కరెంటు వాటా బాగా పెంచారు. హోండా ఈసారి ఆస్టన్ మార్టిన్‌తో జతకట్టింది. ఎవరు మునుగుతారో, ఎవరు తేలుతారో అని మన తమ్ముళ్ళు కామన్ రూములో అప్పుడే వాదులాడుకుంటున్నారట. ఎవరైనా పందెం కాస్తానంటే నేను సిద్ధమే. సమోసాలు అరడజను కాదు, డజను. కాని ఒక్క షరతు: గడువు ఏడాది కాదు, నాలుగేళ్ళు!