పేరు లేని యూనివర్సిటీ అంటారా?

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఒకరు మా సంఘంలోని అమ్మాయిని పలకరించారు.

"ఎక్కడ చదువుతున్నావమ్మా?"

ఆమె చెప్పింది.

"ఆ పేరే వినలేదే! ఇంకెక్కడా సీటు రాలేదా?"

ఆ పిల్ల తల దించుకుంది. నజరేతు గురించి నతనయేలుకు వచ్చిన సందేహమే ఇది. అయితే ఆయన వచ్చి చూశాడు. మనం చూడకుండానే తీర్పు చెబుతాం.

మేము వెళ్లి చూశాం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తరగతిలో పదకొండు మందే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇక్కడ ఇంగ్లీషు అయిన ఈ అమ్మాయి క్వాంటం మెకానిక్స్‌లో ఒకే సందేహం మూడుసార్లు అడిగినా మాస్టారు విసుక్కోరు. "వెనక బెంచీలో దాక్కోవడానికి వీలుండదు అయ్యగారూ" అని నవ్వింది. పెద్ద కాలేజీల్లో ఎంతమందికి దొరుకుతుంది ఈ భాగ్యం?

కానీ ల్యాబ్ చూసి మా మనసు చివుక్కుమంది. మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ ఒక్కటే ఉంది, దాని అద్దం పాడైంది. హాల్ ఎఫెక్ట్ ప్రయోగానికి కావలసిన విద్యుదయస్కాంతం పనిచేయక సెమిస్టరు గడిచిపోయింది. రీడింగులు సీనియర్ల రికార్డుల్లోంచి ఎక్కించుకున్నారు. న్యూక్లియర్ ఫిజిక్స్ చెప్పే గెస్ట్ లెక్చరర్ మధ్యలోనే వెళ్లిపోయారు. ఆయన్ని తప్పుపట్టం. గంటల లెక్కన ఇచ్చే డబ్బుతో ఎవరి ఇల్లు గడుస్తుంది?

ఈ మాట ఎత్తితే అధికారుల జవాబు ఒకటే: "కొత్త యూనివర్సిటీ కదా, సర్దుకోవాలి. ప్రతిభ ఉంటే అవే వస్తాయి."

కొత్తదనం సాకు కాదు. ఢాకా యూనివర్సిటీ 1921లో మొదలైంది. అప్పుడే సత్యేంద్రనాథ్ బోస్ అక్కడ ఫిజిక్స్ రీడర్‌గా చేరారు. 1924లో, అంటే ఆ యూనివర్సిటీకి మూడేళ్ల వయసప్పుడు, ప్లాంక్ సూత్రాన్ని కొత్త దారిలో రాబట్టి ఐన్‌స్టీన్‌కు పంపారు. ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. బోసాన్ అనే పేరు ఆయన పేరు మీదే వచ్చింది. ఆయన ప్రతిభావంతుడే, కాదనం. కానీ ఆ పసి యూనివర్సిటీ ఆయన్ని గంటల కూలీగా పెట్టుకోలేదు. రీడర్ పోస్టు ఇచ్చింది, రెండేళ్లు సెలవిచ్చి యూరప్ పంపింది.

యూనివర్సిటీ చిన్నదిగా పుట్టడం నేరం కాదు. బోర్డు కట్టి, రిబ్బను కత్తిరించి, గాలికి వదిలేయడం నేరం. అక్కడికి వచ్చేది ఎవరు? నగరంలో హాస్టలు ఖర్చు భరించలేని కూలీల పిల్లలు, దళితుల పిల్లలు, ఆదివాసుల పిల్లలు. వీళ్లకు పాత రికార్డు చూసి రాసే ఫిజిక్స్ చాలునని ఎవరు నిర్ణయించారు?

యువతా, సిగ్గుపడాల్సింది మీరు కాదు. 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. ఫిజిక్స్‌లో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ చేసినవెన్ని, ఈ ఏడాది ల్యాబ్‌కు ఖర్చు పెట్టిందెంత? ఈ మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు రాయడానికి మేము పక్కన కూర్చుంటాం.

పెద్దలారా, వచ్చే ఆదివారం ఆ అమ్మాయి కనబడితే సీటు సంగతి అడగకండి. "ఈ వారం ఏ ప్రయోగం చేశావమ్మా?" అని అడగండి. "ఏదీ చేయలేదు" అంటే, తల దించుకోవాల్సిన వాళ్ల దగ్గరకు మనమంతా కలిసి వెళ్దాం.